టీచర్‌కి శిక్ష పడింది, అతను హైకోర్టుకి వెళ్లాడు: పోక్సో అప్పీల్‌లో విద్యార్థి కుటుంబం చేయాల్సిన పనులు

తీర్పు చెప్పిన రోజు సాయంత్రం పీపీగారు (ప్రభుత్వం తరఫున కేసు నడిపే లాయర్, పబ్లిక్ ప్రాసిక్యూటర్) "ఇక మీ పని అయిపోయిందమ్మా" అంటారు. అయిపోయింది కింది కోర్టు పని మాత్రమే. అదే సాయంత్రం, శిక్ష పడ్డ టీచర్ ఇంటివాళ్లు హైకోర్టు లాయర్ కోసం వెతుకుతూ ఉంటారు. అప్పీల్ చేసుకోవడం అతనికి చట్టం ఇచ్చిన హక్కు, దానికి మనం కంగారు పడక్కర్లేదు. అతను అప్పీల్ వేసి, బెయిల్ తెచ్చుకుని, పక్క వీధిలో కనిపించేదాకా మనకి కబురు లేకపోతే మాత్రం కంగారు పడాల్సిందే. చాలా ఇళ్లలో జరిగేది ఇదే.

ఈ మార్గదర్శి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) ప్రత్యేక కోర్టు ఒక టీచర్‌కి శిక్ష వేసిన తర్వాత పిల్ల లేదా పిల్లాడి తల్లిదండ్రులు ఏం చేయాలో చెబుతుంది. ప్రత్యేక కోర్టు సెషన్స్ స్థాయి కోర్టు కాబట్టి అప్పీల్ నేరుగా హైకోర్టుకే వెళ్తుంది, అంటే హైదరాబాద్‌కి గానీ అమరావతికి గానీ. 2024 జులై 1 నుంచి నేర విచారణ ఎలా జరగాలో చెప్పే పాత సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. లాయర్ల నోట ఇంకా పాత సెక్షన్ నంబర్లే వస్తుంటాయి కాబట్టి రెండూ ఇస్తాను.

మొదలుపెట్టే ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. అప్పీల్ అంటే కేసు మళ్లీ మొదటినుంచి నడవడం కాదు. మామూలుగా సాక్షులు రారు, పిల్లని మళ్లీ బోనెక్కించరు. కింది కోర్టులో ఏం రాసి ఉందో ఆ కాగితాల మీదే వాదన. అందుకే తీర్పు తర్వాత మీ మొదటి పని కూడా కాగితాలతోనే.

1. కాగితాలు తెచ్చుకోండి

జైలు శిక్ష పడిన ముద్దాయికి తీర్పు కాపీని కోర్టే ఉచితంగా ఇస్తుంది (కొత్త చట్టం 404, పాతది 363). మీకు ఎవరూ తెచ్చివ్వరు. కోర్టు కాపీయింగ్ సెక్షన్‌లో సర్టిఫైడ్ కాపీకి అప్లికేషన్ పెట్టాలి. తీర్పు ఒక్కటే తెచ్చుకుని ఊరుకోకండి. సాక్షులందరి వాంగ్మూలాలు, ముఖ్యంగా క్రాస్ ఎగ్జామినేషన్ (ముద్దాయి లాయర్ ప్రశ్నలకి చెప్పిన జవాబులు) భాగాలు, ఎఫ్‌ఐఆర్, మేజిస్ట్రేట్ ముందు పిల్ల ఇచ్చిన స్టేట్‌మెంట్ (అందరూ "164 స్టేట్‌మెంట్" అనేది, ఇప్పుడు 183), మెడికల్ రిపోర్టు, వయసు రుజువు చేసిన స్కూలు రికార్డు, ఛార్జ్ ఫ్రేమ్ చేసిన (ఏయే సెక్షన్ల కింద విచారించాలో తేల్చిన) ఉత్తర్వు కూడా అడగండి. ఏళ్లు గడిచాక ఇవి వెతుక్కోవడం నరకం.

తీర్పు చేతికొచ్చాక చివరి పేజీల నుంచి చదవడం మొదలుపెట్టండి. ఏ సెక్షన్ కింద శిక్ష పడింది, దేనిమీద కొట్టేశారు అన్నది అక్కడ ఉంటుంది. టీచర్ల కేసుల్లో తరచూ కనిపించే పోక్సో సెక్షన్లు ఇవి. విద్యాసంస్థ సిబ్బంది అదే సంస్థలోని పిల్లల మీద అత్యాచారం చేస్తే సెక్షన్ 5(ఎఫ్), దానికి శిక్ష సెక్షన్ 6 కింద. 2019 ఆగస్టు 16 తర్వాత జరిగిన నేరమైతే కనీసం 20 ఏళ్లు, అంతకు ముందుదైతే కనీసం 10 ఏళ్లు. లైంగిక ఉద్దేశంతో తాకడం వగైరా అయితే సెక్షన్ 9(ఎఫ్), శిక్ష సెక్షన్ 10 కింద 5 నుంచి 7 ఏళ్లు. అసభ్యమైన మాటలు, మెసేజ్‌లు, సైగలు, వెంటపడటం అయితే సెక్షన్ 12 కింద 3 ఏళ్ల వరకు.

శిక్షలు ఒకేసారి నడుస్తాయా, ఒకదాని తర్వాత ఒకటా అన్నదీ చూడండి. నష్టపరిహారం గురించి ఒక్క వాక్యమైనా ఉందో లేదో చూడండి. లేకపోతే అది మీరు అడగాల్సిన విషయం.

2. క్యాలెండర్‌లో 60 రోజులు గీసుకోండి

శిక్ష పడినవాడు హైకోర్టులో అప్పీల్ వేయడానికి గడువు 60 రోజులు. సర్టిఫైడ్ కాపీ కోసం పట్టిన రోజులు లెక్కలోంచి తీసేస్తారు. ఆలస్యమైనా, కారణం చూపి పిటిషన్ వేస్తే కోర్టులు తరచూ ఒప్పుకుంటాయి. జైల్లో ఉన్నవాడు జైలు అధికారి ద్వారా కూడా అప్పీల్ పంపుకోవచ్చు. కాబట్టి "60 రోజులైపోయాయి, ఇక రాడు" అనుకోవడం పొరపాటు.

ఈ 60 రోజులు మీకూ ముఖ్యమే. బాధితులకి సొంతంగా అప్పీల్ చేసే హక్కు 2009 డిసెంబరు 31 నుంచి ఉంది (పాత 372, కొత్త 413). మూడు సందర్భాల్లో వేయొచ్చు: ముద్దాయిల్లో ఎవరినైనా వదిలేస్తే, పెట్టిన దానికన్నా చిన్న సెక్షన్‌కి తగ్గించి శిక్ష వేస్తే, పరిహారం తక్కువగా ఇస్తే. ఉదాహరణకి టీచర్‌కి శిక్ష వేసి, ఫిర్యాదుని తొక్కిపెట్టిన హెడ్‌మాస్టర్‌ని వదిలేశారనుకోండి. నేరం తెలిసీ పోలీసులకి చెప్పకపోవడం పోక్సో సెక్షన్ 21 కింద నేరం. ఆ అంశం మీద అప్పీల్ మీ చేతిలోనే ఉంది, హైకోర్టు ప్రత్యేక అనుమతి అక్కర్లేదని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది.

కానీ "శిక్ష తక్కువ పడింది, పెంచండి" అని మీరు అప్పీల్ వేయలేరు. అది ప్రభుత్వమే వేయాలి (పాత 377, కొత్త 418). మీరు చేయగలిగింది పీపీకి రాతపూర్వకంగా కారణాలతో అర్జీ ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవడం. నోటిమాట మీద వదిలేస్తే ఫైలు కదలదు. ఇంకోటి, టీచర్ ఒక్కడే అప్పీల్ వేసి ప్రభుత్వం వేయకపోతే, ఆ అప్పీల్‌లో అతని శిక్ష పెరగదు. అక్కడ అతనికి పోయేదేం లేదు. అందుకే దాదాపు అందరూ అప్పీల్ వేస్తారు.

3. అప్పీల్ పడిందని తెలుసుకోవడం

"కేవియట్ వేస్తే మాకు చెప్పకుండా ఏ ఆర్డరూ ఇవ్వరు కదా?" అని చాలామంది అడుగుతారు. కేవియట్ సివిల్ కేసులకి. క్రిమినల్ అప్పీల్‌లో అది పనికిరాదు. మనమే కాపు కాయాలి.

ఈ-కోర్ట్స్ యాప్‌లోను, హైకోర్టు వెబ్‌సైట్‌లోను ముద్దాయి పేరుతో వెతకొచ్చు. పేరు స్పెల్లింగ్ నాలుగు రకాలుగా వేసి చూడండి. ఇంటిపేరు ముందు, ఇంటిపేరు వెనక, పొడి అక్షరాలతో. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆ తర్వాత నెలకోసారైనా చూడాలి. ఈ పనిని తల్లికో తండ్రికో కాకుండా ఇంట్లో ఫోన్ బాగా వాడే మేనమామకో పిన్నికో అప్పగించడం మంచిది. ప్రతిసారీ ఆ పేరు టైప్ చేయడం తల్లికి ఎంత కష్టమో చూసినవాళ్లకి తెలుసు.

క్రిమినల్ అప్పీల్ నంబరు దొరగ్గానే రాసిపెట్టుకోండి. దాని కింద ఐఏ (అప్పీల్‌తో పాటు వేసే మధ్యంతర పిటిషన్) అని ఇంకో నంబరు ఉంటే అది సాధారణంగా శిక్ష నిలుపుదల పిటిషన్ అయి ఉంటుంది.

4. శిక్ష నిలుపుదల పిటిషన్: అసలు పోరు ఇక్కడే

అప్పీల్ తుది విచారణకి రావడానికి ఏళ్లు పట్టొచ్చు. అందుకే అతని లాయర్ మొదట అడిగేది శిక్ష ఆపి బెయిల్ ఇమ్మని (పాత 389, కొత్త 430). ఇది కొద్ది వారాల్లోనే బెంచ్ ముందుకి వస్తుంది. కుటుంబం తరఫున ఎవరూ లేకుండా జరిగిపోయేదీ ఇదే. నన్నడిగితే మీ దగ్గరున్న ఓపికలో, డబ్బులో సగం ఈ ఒక్క దశకే దాచిపెట్టుకోవాలి.

కోర్టు ఎలా ఆలోచిస్తుందో చెబుతాను. 20 ఏళ్లు లేదా యావజ్జీవం పడిన కేసులో శిక్ష ఆపడం మినహాయింపు. తీర్పులో పైకే కనిపించే పెద్ద లోపం ఉండి, అప్పీల్ గెలిచే అవకాశం బలంగా ఉందనిపిస్తేనే ఆపాలని, ఈ దశలో సాక్ష్యాన్ని గీసి గీసి చూడకూడదని సుప్రీంకోర్టు 2023లో ఒక హత్య కేసులో స్పష్టం చేసింది. మీ లాయర్ ఇక్కడ పట్టుకోవాల్సిన కొమ్మ అదే. పైగా 10 ఏళ్లు, ఆపైన శిక్ష పడదగ్గ నేరాల్లో, బెయిల్ ఇచ్చేముందు పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కి రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పే అవకాశం ఇవ్వాల్సిందే.

సెక్షన్ 10 కింద 5 ఏళ్లు పడిన కేసు వేరు. ఆ తప్పనిసరి నిబంధన దీనికి వర్తించదు. శిక్షాకాలం తక్కువ, అప్పీల్ విచారణ దగ్గర్లో లేదు అన్న కారణంతో ఇలాంటి వాటిలో నిలుపుదల తరచూ దొరుకుతుంది. ఈ మాట చెబితే తల్లిదండ్రులకి కోపం వస్తుందని తెలుసు, అయినా ముందే తెలియడం మేలు. ఇలాంటి కేసులో "బెయిల్ ఇవ్వొద్దు" అన్న ఒక్క మాటకే బలమంతా పెట్టకుండా, ఇస్తే ఏ షరతులతో ఇవ్వాలో కాగితం మీద పెట్టి అడగండి:

- పిల్ల ఉండే ఊరికి, చదివే స్కూలు లేదా కాలేజీ చుట్టుపక్కలకి రాకూడదు
- పిల్లతో గానీ, కుటుంబంతో గానీ, సాక్ష్యం చెప్పిన తోటి విద్యార్థులతో గానీ నేరుగా, ఇంకొకరి ద్వారా, ఫోన్‌లో మాట్లాడకూడదు
- ఏ స్కూల్లోను, హాస్టల్‌లోను, ట్యూషన్‌లోను పిల్లలకి చదువు చెప్పకూడదు
- నిర్ణీత రోజుల్లో పోలీస్ స్టేషన్‌లో సంతకం పెట్టాలి, పాస్‌పోర్టు అప్పగించాలి

మూడోది చాలామంది అడగడం మర్చిపోతారు. ఉద్యోగం పోయిన టీచర్‌కి మొదట దొరికే పని ట్యూషనే.

ఈ పిటిషన్‌లో మీ మాట వినమని అడిగే హక్కు మీకుంది. నేర విచారణలో ప్రతి దశలోను బాధితుల మాట వినాలని సుప్రీంకోర్టు 2022లో లఖీంపూర్ ఖేరీ కేసు బెయిల్ విషయంలో గట్టిగా చెప్పింది. మీ లాయర్ బాధితుల తరఫున హాజరవుతూ ఒక చిన్న కౌంటర్ (రాతపూర్వక జవాబు) వేస్తే చాలు. అందులో బెదిరింపులేమైనా వచ్చి ఉంటే తేదీలతో రాయండి. విచారణ జరిగినప్పుడు ముద్దాయి బెయిల్ మీద ఉండి ఏం చేశాడన్నది ఇక్కడ చాలా పనికొస్తుంది.

బెయిల్ వచ్చినా నేరం రుజువైన మచ్చ పోదు. ఆగింది శిక్ష అమలు మాత్రమే. ప్రభుత్వ టీచర్ అయితే, నేరం రుజువైన కారణం మీద శాఖాపరమైన విచారణ లేకుండానే తొలగించే వీలు రాజ్యాంగం 311వ అధికరణంలో ఉంది. శిక్ష నిలుపుదల దానికి అడ్డు కాదు. తీర్పు సర్టిఫైడ్ కాపీ జత చేసి జిల్లా విద్యాశాఖాధికారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ప్రైవేటు స్కూలైతే యాజమాన్యానికి పంపుతూ, డీఈఓకి కూడా ఒక కాపీ పెట్టండి.

5. లాయర్, లీగల్ ఎయిడ్, హైకోర్టు పీపీ

కింది కోర్టులో మీ కేసు నడిపిన పీపీ హైకోర్టుకి రారు. అక్కడ వేరే పీపీ ఉంటారు, వాళ్ల టేబుల్ మీద ఇలాంటివి గుట్టలుగా ఉంటాయి, మీ మొహం కూడా వాళ్లకి తెలియదు. ఒకసారి ఆఫీసుకి వెళ్లి కలవండి. ఒక పేజీ నోట్ ఇవ్వండి: అప్పీల్ నంబరు, సెక్షన్లు, శిక్ష, ముఖ్యమైన సాక్షులు ఎవరు, ఏ పేజీలో ఏం చెప్పారు. ఇది మీ లాయర్‌తో రాయిస్తే ఇంకా మంచిది.

సొంత లాయర్‌ని పెట్టుకునే హక్కు పోక్సో చట్టం సెక్షన్ 40 ఇస్తోంది. డబ్బు లేకపోతే లీగల్ ఎయిడ్ ఉంది. స్త్రీలకి, పిల్లలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం వస్తుంది. 15100కి ఫోన్ చేయొచ్చు, లేదా హైకోర్టు న్యాయసేవల కమిటీకి అర్జీ పెట్టొచ్చు. లీగల్ ఎయిడ్ లాయర్ అంటే చులకన వద్దు. వాళ్లలో కేసుని మనసుపెట్టి చదివేవాళ్లు ఉన్నారు, వేలకి వేలు తీసుకుని వాయిదా రోజు కనిపించనివాళ్లు బయటా ఉన్నారు.

6. తుది వాదనలో వాళ్లు ఏం పట్టుకుంటారు

పేపర్ బుక్ (కింది కోర్టు కాగితాలన్నీ కలిపిన పుస్తకం) తయారై, అప్పీల్ లిస్టులోకి వచ్చాక అసలు వాదన. టీచర్ల కేసుల్లో డిఫెన్స్ వాదనలు తిప్పి తిప్పి నాలుగైదే. వాటికి జవాబు రికార్డులో ఎక్కడుందో ఇప్పటినుంచే గుర్తుపెట్టి, పేజీ నంబర్లు రాసుకోండి.

మొదటిది ఆలస్యం. "జూన్‌లో జరిగితే సెప్టెంబర్‌లో ఎందుకు చెప్పారు?" అంటారు. లైంగిక నేరాల్లో ఫిర్యాదు ఆలస్యమైనంత మాత్రాన కేసు పడిపోదని, బాధితురాలి మాట నమ్మదగ్గదిగా ఉంటే అదొక్కటే చాలని సుప్రీంకోర్టు 1996 గుర్మీత్ సింగ్ కేసులో చెప్పింది. ఆ కేసులో బాధితురాలు పదో తరగతి పరీక్ష రాసి వస్తున్న అమ్మాయి. అయితే ఆలస్యానికి కారణం మీ సాక్ష్యంలో ఉండాలి: మార్కులు తగ్గిస్తానన్నాడు, టీసీ ఇచ్చేస్తామన్నారు, ఎవరూ నమ్మరని భయపడింది. ఆ వాక్యం ఏ పేజీలో ఉందో వెతకండి.

రెండోది వయసు. పోక్సో నిలబడాలంటే నేరం నాటికి 18 నిండలేదని రుజువు కావాలి. ముందు స్కూలు ఇచ్చిన పుట్టినతేదీ ధ్రువపత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్, అది లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ జనన ధ్రువపత్రం, రెండూ లేకపోతేనే వైద్య పరీక్ష. విచిత్రం ఏమిటంటే, స్కూలు రికార్డు తెచ్చి సాక్ష్యం చెప్పాల్సిన హెడ్‌మాస్టర్ నిన్నటిదాకా ముద్దాయితో స్టాఫ్‌రూమ్‌లో టీ తాగినవాడు. అతను క్రాస్‌లో తడబడితే ఆ లోటు పూడ్చే వేరే కాగితం రికార్డులో ఉందేమో చూడాలి.

మూడోది పగ. స్కూలు యాజమాన్యంతో తగాదా, టీచర్ల మధ్య గ్రూపులు, ఫీజు గొడవ, పిల్లని తిట్టినందుకు కక్ష. పోక్సో సెక్షన్ 29 ప్రకారం ఆ చట్టంలోని ప్రధాన నేరాల్లో ముద్దాయే నేరం చేశాడని కోర్టు భావించాలి, కాదని చూపే బాధ్యత అతనిది. కానీ ఈ సెక్షన్‌ని మంత్రంలా నమ్ముకోవద్దు. జరిగిందనడానికి మూలాధారాలు ప్రాసిక్యూషనే ముందు నిలబెట్టాలి.

నాలుగోది సెక్షన్‌కి సంబంధించింది, కొంచెం సూక్ష్మం. నేరం స్కూల్లో కాదు, ఇంటి దగ్గర ట్యూషన్‌లో జరిగింది కాబట్టి 5(ఎఫ్) వర్తించదంటారు. అలాంటప్పుడు నమ్మకం, అధికారం ఉన్న స్థానంలో ఉన్నవాడు చేసిన నేరానికి 5(పి), 12 ఏళ్లలోపు పిల్లలైతే 5(ఎం) ఉన్నాయి. తాకడం కేసుల్లో అవే 9(పి), 9(ఎం). మీ కేసు ఛార్జ్‌లో అవి ఉన్నాయా అన్నది మొదటి రోజు తెచ్చుకున్న ఆ ఉత్తర్వులో కనిపిస్తుంది.

ఇక "చర్మానికి చర్మం తగల్లేదు" అన్న వాదన ఎవరైనా ఎత్తితే ఒక్క మాట చాలు. 2021 నవంబరు 18న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. దుస్తుల మీదనుంచి తాకినా నేరమే, చూడాల్సింది లైంగిక ఉద్దేశం.

7. రాజీ కబుర్లు

అప్పీల్ పెండింగ్‌లో ఉన్న ఏళ్లలో పెద్దమనుషులు వస్తారు. "పిల్లకి పెళ్లి కావాలి, అతనికీ పిల్లలున్నారు, ఒక అఫిడవిట్ ఇచ్చేస్తే అందరికీ మంచిది" అంటారు. తోటి విద్యార్థుల తల్లిదండ్రుల దగ్గరికీ వెళ్తారు. ఒక్క సంతకం కూడా పెట్టొద్దు, ఖాళీ స్టాంపు పేపర్ మీద అసలే వద్దు.

రాజస్థాన్‌లో ఒక ప్రభుత్వ టీచర్ మీది పోక్సో కేసుని, బాలిక తండ్రితో రాజీ కుదిరిందని హైకోర్టు కొట్టేసింది. 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వుని రద్దు చేసి, ఇలాంటి నేరం ఇద్దరి మధ్య ప్రైవేటు వ్యవహారం కాదంది. శిక్ష పడకముందే రాజీ చెల్లదంటే, శిక్ష పడ్డాక తెచ్చే అఫిడవిట్‌కి ఎంత విలువో మీరే ఆలోచించండి. పిల్ల ఒప్పుకుందన్న మాటకీ అర్థం లేదు, 18 లోపు సమ్మతిని చట్టం లెక్కచేయదు.

బెదిరింపు వస్తే తేదీ, సమయం, ఫోన్ నంబరు రాసుకుని పోలీసులకి రాతపూర్వకంగా ఇవ్వండి. సాక్షుల రక్షణ పథకం కింద కూడా అర్జీ పెట్టుకోవచ్చు.

కోపంతో వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో పోస్టులు పెట్టకండి, బంధువుల్ని కూడా పెట్టనివ్వకండి. పిల్ల పేరు, ఫొటో మాత్రమే కాదు, స్కూలు పేరు, వీధి చెప్పినా పోక్సో సెక్షన్ 23 కింద నేరమే. టీచర్ పేరుతో పాటు స్కూలు పేరు రాస్తే ఊరంతటికీ పిల్ల ఎవరో తెలిసిపోతుంది. హైకోర్టులో మీరు వేసే కాగితాల్లోనూ పిల్ల పేరు రాయకుండా వేయించండి.

8. పరిహారం ఆగక్కర్లేదు

జరిమానాలోంచి ఇవ్వమన్న డబ్బు అప్పీల్ తేలేదాకా రాదు. కానీ ప్రత్యేక కోర్టు ప్రభుత్వం నుంచి ఇప్పించిన పరిహారం వేరు. 2020 పోక్సో నియమాల ప్రకారం ఉత్తర్వు అందిన 30 రోజుల్లో చెల్లించాలి. రాకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకి ఉత్తర్వు కాపీతో వెళ్లండి.

9. తీర్పు నాలుగు రకాలు

శిక్ష ఖరారు కావచ్చు, తగ్గొచ్చు లేదా సెక్షన్ మారొచ్చు, అతను నిర్దోషి అనొచ్చు, లేదా మళ్లీ విచారణ జరపమని కింది కోర్టుకి పంపొచ్చు. నాలుగోది పిల్లకి అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే మళ్లీ సాక్ష్యం చెప్పాల్సి రావచ్చు. డిఫెన్స్ ఆ కోరిక కోరుతోందని తెలిస్తే, పాత సాక్ష్యాన్ని ఉంచి లోపం ఉన్నంత మేరకే సరిచేయమని మీ లాయర్ అడగాలి. ఫలితం మీకు వ్యతిరేకంగా వస్తే సుప్రీంకోర్టులో స్పెషల్ లీవ్ పిటిషన్ (అప్పీల్‌కి అనుమతి కోరే అర్జీ) వేయడానికి గడువు 90 రోజులు. ఢిల్లీలోనూ లీగల్ ఎయిడ్ ఉంది.

ఇదంతా పిల్లకి ఎంత చెప్పాలి? పిల్ల పక్కన కూర్చుని ప్రతి వాయిదా గురించి మాట్లాడక్కర్లేదు. కానీ అతను బెయిల్ మీద బయటికొస్తే మాత్రం ఆ సంగతి ముందు మీ నోటినుంచే తెలియాలి, బస్టాండులో అతను ఎదురుపడ్డాక కాదు. ఈ అప్పీల్ నడుస్తూ ఉండగానే పిల్లకి 18 నిండిపోవచ్చు. ఆ రోజు నుంచి సంరక్షకులుగా మీరు పెట్టిన సంతకం సరిపోదు. లాయర్‌కి అధికారం ఇచ్చే కొత్త వకాల్తా మీద తనే సంతకం పెట్టాలి, లాయర్‌తో ఏం మాట్లాడాలో తనే చెప్పాలి.